మూడో భాగంలో కుంటి అడుగులు

"మీ ఆవిడేం చేస్తుంది?" అని ఎవరడిగినా అడుగులక్క మొగుడు నలభై ఏళ్ళుగా ఒకటే జవాబు చెబుతున్నాడు. "ఇంకొకళ్ళ బదులు నడుస్తుంది." లిఫ్టులు బాగుచేసే మనిషి, నోరు విప్పితే వెటకారమే. కానీ మాట మాత్రం నిజం. సినిమాలో హీరో వరండాలో నడిచి వస్తుంటే మనకు వినబడే టకటకలు హీరోగారి బూట్లవి కావు. షూటింగులో మైకు నోటి దగ్గర ఉంటుంది, కాళ్ళ దగ్గర కాదు. ఆ తర్వాతెప్పుడో ఓ మూసిన గదిలో, తెర మీద బొమ్మ చూస్తూ, ఇంకెవరో ఆ అడుగులు వేసి రికార్డు చేయించాలి. అలా వేసేవాళ్ళలో అడుగులక్కను మించినవాళ్ళు లేరు. ఈ మాట ఆమె ముందే అంటే సిగ్గుపడి తల దించుకుంటుందనుకునేరు. "లేరు మరి. ఉంటే చూపించండి" అంటుంది.

ఆ గది చూడాలి. పడకగదంత ఉంటుంది. నేలను గళ్ళుగా విడదీసి ఒక గడిలో సిమెంటు పలక, ఒక గడిలో చెక్కలు, ఒకదాంట్లో కంకర, ఇంకోదాంట్లో ఇసుక, మూలన పాత పరుపు మీద పరిచిన ఇనుపరేకు. గోడకు అరల నిండా చెప్పులూ బూట్లూ, డెబ్బై జతలకు తక్కువ కాదు. పోలీసు బూట్లు, నర్సుల చెప్పులు, మడమ అరిగినవి, అరగనివి. చిన్నప్పుడు ఇంట్లో ఆమె పాదాలు చూసి "పడవలు" అని ఏడిపించేవారు. ఆ పాదాల పుణ్యమా అని మగవాళ్ళ బూట్లు కూడా ఆమెకు చక్కగా పట్టేవి.

పనిలో ఆమెకొక పట్టు ఉంది. కొత్తగా వచ్చినవాళ్ళు తెర మీద కాళ్ళు చూస్తూ అడుగు వేస్తారు, వేసిన ప్రతిసారీ ఓ రవ్వ వెనకబడతారు. ఈమె కాళ్ళు చూడదు, భుజాలు చూస్తుంది. ఒంటి బరువు మారేది భుజంలో ముందు తెలుస్తుంది. పైగా సగం షాట్లలో కాళ్ళు కనబడనే కనబడవు. "భుజం చూసుకోవే, కాలు దానంతటదే వస్తుంది" అని ఎంతమందికి నేర్పిందో లెక్కలేదు. ఇలాంటి మనిషికి, అడుగు తప్పుగా వేసిందన్న చెడ్డపేరు ముప్పై ఒక్క ఏళ్ళు అంటుకుని ఉంది. వింటే ఒళ్ళు మండే ఆ కథే ఇది.

ఆకాశంలో పోయే ఓడ, అందులో దూరిన ఓ భయంకర జంతువు, ఒకరి తర్వాత ఒకరుగా చచ్చే మనుషులు, ఇదీ సినిమా. మొదటి భాగం విరగబడి ఆడింది. రెండోది పరవాలేదనిపించింది. ఇక మూడోది తీయకపోతే పాపం ఆ కంపెనీవాళ్ళకు ముద్ద దిగదు కదా, తీశారు. ఈ మూడో భాగంలో జంతువుకో పిల్ల ఉంది. అందుకని స్టూడియోలో అందరూ దానికి "మహాతల్లి" అని పేరు పెట్టేశారు. "మహాతల్లికి తోక ఊడింది", "మహాతల్లికి ఉక్కపోస్తోంది, తలకాయ తీసి కాస్త గాలి తగలనివ్వండి" అని రోజంతా ఇవే కేకలు.

మహాతల్లి అడుగులు అడుగులక్క వంతుకొచ్చాయి. ఇసుక సంచీని తడితోలులో చుట్టి కాలికి కట్టుకుంది. వేళ్ళ దగ్గర గోళ్ళ కోసం ఇనుప దువ్వెనలు కుట్టింది. ఇనుపరేకు మీద ఆ కాలు మోపితే కింద పరుపు దిగబడి, లోపల్నుంచి ఓ మూలుగులాంటి చప్పుడు వచ్చేది. మొదటి రోజు ఆ చప్పుడు విని కాఫీ తెచ్చినావిడ కప్పులు పట్టుకుని గుమ్మంలోనే ఆగిపోయింది. ఇంతకన్నా మెచ్చుకోలు ఏం కావాలి?

సినిమా మధ్యలో ఒక సీను ఉంది. సరుకుల గదిలో ఇనుప తలుపు మూసుకుపోతూ ఉంటుంది. మహాతల్లి బయటపడిపోయింది, పిల్ల లోపల చిక్కుకుంది. మహాతల్లి వెనక్కి తిరిగి ఆ తలుపు సందులో తన కాలు పెడుతుంది. తలుపు ఆ కాలిని నలిపేస్తుంది. ఆ సందులోంచి పిల్ల బయటికి పారిపోతుంది. అంతే, రెండున్నర నిమిషాలు. ఆ తర్వాత చివరి దాకా మహాతల్లి నడవడం తెర మీద ఎక్కడా కనబడదు. ఆఖరి రీలులో హీరోయిన్ బీరువాలో దాక్కుని ఉంటే, బయట చీకట్లో దాని అడుగులు మాత్రం నాలుగు నిమిషాలు వినబడతాయి. బొమ్మ లేదు, మాట లేదు, పాట లేదు. సినిమా మొత్తానికి భయపెట్టే ఘట్టం అడుగులక్క కాళ్ళ మీద నిలబడింది.

ఆ నాలుగు నిమిషాల కోసం ఆమె పడిన పాట్లు ఆమె మొగుడు చెప్పాలి. పెద్దాసుపత్రిలో ఎముకల వార్డు బయట బల్ల మీద రెండు రోజులు కూర్చుంది. కుంటేవాళ్ళు ఎలా కుంటుతారో చూడ్డానికి. కొత్తగా దెబ్బ తగిలినవాళ్ళు కాలిని ఈడుస్తారనీ, కాసేపు గడిచాక ఈడ్వడం మానేసి మంచి కాలితో గెంతుతారనీ, అలిసిపోయాక మళ్ళీ ఈడుస్తారనీ అక్కడే కనిపెట్టింది. ఇంటికొచ్చి వంటింట్లో అలా నడుస్తూ ఉంటే మొగుడు కంగారుపడి, "నిజం చెప్పు, ఏ డాక్టరు దగ్గరికెళ్ళావు? నాతో చెప్పకూడని జబ్బా?" అని అడిగాడు. విషయం తెలిశాక తల పట్టుకున్నాడు.

రికార్డింగు రోజున ధప్పు, ఈడ్పు, ధప్పు, ఈడ్పు అంటూ నాలుగు నిమిషాలూ ఒక్క టేకులో చేసేసింది. శబ్ద విభాగానికి పెద్ద ఒకాయన ఉండేవాడు, అందరూ పెద్దాయన అనే అనేవారు. ఆయన చెవులకు తగిలించుకున్నవి తీసి పక్కన పెట్టి, "ఇంకో టేకు వద్దు" అన్నాడు. ఆయన నోట ఆ మూడు ముక్కలు రావడం గొప్పే. అడుగులక్క ఆ వేళ ఇంటికి నేల మీద నడిచి వెళ్ళలేదు.

విడుదల రోజున తొమ్మిది టికెట్లు కొని మొగుణ్ణీ, మరిదినీ, తోటికోడల్నీ, ఇరుగుపొరుగునీ వెంటేసుకుని మొదటి ఆటకు వెళ్ళింది. సరుకుల గది వచ్చింది. ఇప్పుడు చూడండి అన్నట్టు తోటికోడలి మోచెయ్యి నొక్కింది. తలుపు రాలేదు. మహాతల్లి వెనక్కి తిరగలేదు. కాలూ లేదు, పిల్లను తప్పించడమూ లేదు, ఎకాఎకిన తర్వాతి సీనే వచ్చిపడింది. ఆపరేటరు రీలు మారిపోయిందేమో అనుకుంది ముందు. కాదు. సీను మొత్తాన్ని కరివేపాకులా ఏరి పారేశారు. ఏరినవాళ్ళు ఆమెకు చెప్పలేదు. అడుగులు వేసేవాళ్ళకు ఎవరు చెబుతారు?

ఆఖరి రీలు వచ్చింది. బీరువాలో హీరోయిన్. బయట ధప్పు, ఈడ్పు, ధప్పు, ఈడ్పు. అప్పటిదాకా రెండు కాళ్ళ మీదా నిక్షేపంగా నడిచిన జంతువు ఉన్నట్టుండి ఎందుకు కుంటుతోందో హాల్లో ఒక్కడికీ అర్థం కాలేదు. "తప్పతాగి వచ్చిందిరోయ్" అన్నాడెవడో వెనకనుంచి. హాలంతా గొల్లుమంది. భయంతో బిక్కచచ్చిపోవాల్సిన చోట జనం పొట్టలు పట్టుకుని నవ్వారు.

మరిది కూడా నవ్వు ఆపుకోలేక, "వదినా, ఇది నీ పనేనా?" అన్నాడు.

"నా పనే" అంది అడుగులక్క. ఆ మాట మాత్రం గట్టిగానే అంది. తలకొట్టేసినట్టు అయిందామెకు. అంతకన్నా ఎక్కువగా కోపం వచ్చింది, ఎవరి మీద చూపించాలో తెలియని కోపం.

మర్నాడు పత్రికలో 'శబ్ద విభాగం నిర్లక్ష్యం' అని రాశారు. పెద్దాయనకు అసలు సంగతి తెలుసు. అయినా పెదవి కదపలేదు. తన ఉద్యోగం తనది, ఆ రోజు నుంచి నింద ఈమెది. మంచి కంపెనీలు పిలవడం తగ్గించాయి. "అసలు అక్కడో సీను ఉంది, కోసేశారు" అని ఈమె చెప్పని మనిషి లేడు. కానీ ఆ స్టూడియో వీధిలో ఎవణ్ణి కదిపినా చెప్పే మాట అదే. డూపు చేసేవాడి గొప్ప దూకుడు కోసేశారు, పాట రాసినాయన రెండో చరణం కోసేశారు, గుంపులో నిలబడ్డవాడి డైలాగు కోసేశారు. కోసేసిన ముక్కలన్నీ కలిపితే ఆ వీధంత గొప్ప సినిమా ప్రపంచంలో ఉండదు. అందుకని అందరూ "అవునక్కా, అవును" అని తలూపి వెళ్ళిపోయేవారు.

ఆమె చతికిలబడలేదు. సీరియళ్ళకు నడిచింది, సబ్బుల ప్రకటనలకు నడిచింది, పిల్లల బొమ్మల సినిమాల్లో కుందేలుకూ ఏనుగుకూ కూడా నడిచింది. కుందేలుకైనా సరే భుజాలు చూసే నడిచింది. కాలం మారి కంప్యూటర్లలో లోకం ఒక్కటయ్యాక, సినిమాల్లో తప్పులన్నీ ఏరి పట్టీలు వేసే పనిలేనివాళ్ళు పుట్టుకొచ్చారు. మూడో భాగం పట్టీలో నాలుగో తప్పు ఈమెదే: 'చివర్లో జంతువు అడుగుల లయ తప్పింది.' ఆ పట్టీని మరిది కొడుకు ఫోనులో చూపించినప్పుడు ఆమె కళ్ళజోడు పెట్టుకుని పూర్తిగా చదివి, ఫోను తిరిగి ఇచ్చేసి, లేచి వెళ్ళి బట్టలు మడతపెట్టుకుంది. చచ్చేలోగా ఎవరో ఒకరు ఆ తలుపూ ఆ కాలూ చూస్తే చాలునని ఆమె కోరిక. ఇంకేమీ అడగలేదు.

అరవై ఎనిమిదో ఏట ఫోను వచ్చింది. పాత సినిమాలను శుభ్రం చేసి కొత్తగా విడుదల చేసే సంస్థలో పనిచేసే సౌండు ఇంజనీరు, ముప్పై రెండేళ్ళ ఆడపిల్ల. "మేడమ్, మూడో భాగం సీను ఒకటి దొరికింది. వేరే సినిమా పేరున్న డబ్బాలో ఉంది. బొమ్మ బాగానే ఉంది గానీ శబ్దం రికార్డు చేసిన టేపు అతుక్కుపోయి పాడైంది. అడుగులు మళ్ళీ వేయాలి. మీరు రాగలరా?"

"ఏ సీనమ్మా?" అంది అడుగులక్క. తెలిసే అడిగింది, ఆ పిల్ల నోట వినాలని.

"తలుపులో కాలు పెడుతుంది మేడమ్."

అడుగులక్క ఫోను చేత్తో మూసి, మొగుడికేసి తిరిగి, "ఉంది. చెప్పానా, ఉంది" అంది. ఆయన వెటకారం ఏమీ ఆడలేదు. లేచి అటక మీదున్న బూట్ల సంచీ దింపాడు.

స్టూడియోలో ఆ ఇంజనీరు పిల్ల ముందు బొమ్మ చూపించింది. ముప్పై ఒక్క ఏళ్ళ తర్వాత మహాతల్లి వెనక్కి తిరిగింది, కాలు పెట్టింది, పిల్ల పారిపోయింది. అడుగులక్క కళ్ళు తుడుచుకోలేదు, కారనిచ్చింది. డబ్బాలో దొరికిన ఓ కాగితం కూడా ఆ అమ్మాయి చదివి వినిపించింది. విడుదలకు ముందు కొంతమందికి వేసి చూపించినప్పుడు కంపెనీవాళ్ళు రాసుకున్నది: ఈ సీను దగ్గర ప్రేక్షకులు జంతువు మీద జాలి పడుతున్నారు, ఇద్దరు ఏడ్చారు, జనం భయపడాలి గానీ జాలి పడకూడదు, తీసేయండి.

"అయితే చేతకాలేదని కోయలేదన్నమాట" అంది అడుగులక్క. "బాగా చేశామని కోశారు." ఆ మాట అన్నాక ఆమె నడుము ఎంత నిటారుగా నిలిచిందంటే, పక్కనున్న మొగుడు కూడా తెలియకుండానే సర్దుకు కూర్చున్నాడు.

రెండు రోజులు పట్టింది పని. మోకాలు అరిగిపోయిన మనిషి. చిత్రమేమిటంటే, కుంటి అడుగులు అవలీలగా వచ్చాయి. దెబ్బ తగలకముందు వేసే మామూలు అడుగులకే చుక్కలు కనిపించాయి. గోడకు కట్టిన తాడు పట్టుకుని, మోకాలికి పట్టీ బిగించి, పదకొండు టేకులు చేసింది. కాలు నలిగే చప్పుడుకు తడిగుడ్డలో చుట్టిన కారెట్లు మెలిపెట్టింది. మధ్యలో మొగుడి కడుపు గుర్రుమనడంతో ఒక మంచి టేకు పాడైంది. ఆయన్ని బయట కూర్చోబెట్టారు.

పని అయ్యాక అడుగులక్క, "ఆఖరి రీలు కూడా పెట్టమ్మా, రెండూ కలిపి వింటాను" అంది.

ఆ పిల్ల మొహం వెలిగిపోయింది. "అది మీకు చూపిద్దామనే ఉన్నాను మేడమ్" అంటూ పెట్టింది. బీరువాలో హీరోయిన్. బయట ధప్పు, ధప్పు, ధప్పు, ధప్పు. గడియారం కొట్టుకున్నట్టు, తూచి వేసినట్టు సమానంగా.

"ఇదేమిటి?" అంది అడుగులక్క.

"సరిచేశాను మేడమ్. కిందటేడాదే, ఈ డబ్బా దొరక్కముందు. స్టూడియోల్లో అందరూ మిమ్మల్ని అంటుంటే బాధేసి, ఒక్కో అడుగూ జరుపుకుంటూ రెండు వారాలు కూర్చున్నాను. ఇక మిమ్మల్ని ఎవరూ ఏమీ అనరు."

ఆ పిల్లది ప్రేమే. అందుకే అడుగులక్క నోటిదాకా వచ్చిన తిట్టు మింగి, బల్ల మీద కూలబడింది. తన జీవితంలో ఇంత బాగా చేసిన పని ఇంకోటి లేదు, దాన్ని చక్కగా ఇస్త్రీ చేసి పెట్టారు. "పాతది ఉందా?" అని మాత్రం అడిగింది.

ఉంది. పాత అడుగులు తీసి, ఆ అమ్మాయి తలుపు సీను దగ్గర్నుంచి మొదలుపెట్టి చివరిదాకా వేసింది. తలుపు. కాలు. పిల్ల పరుగు. ఆ తర్వాత చీకటి, బీరువా. ధప్పు, ఈడ్పు, ధప్పు, ఈడ్పు. కొంతసేపటికి ఈడ్పు పోయి గెంతు. తర్వాత అలసట, మళ్ళీ ఈడ్పు. ఇంజనీరు పిల్ల తన చేతుల మీద లేచిన వెంట్రుకలు చూసుకుని, నెమ్మదిగా, "పిల్ల కోసం వెతుకుతోంది కదా మేడమ్" అంది.

"అమ్మయ్య" అంది అడుగులక్క. "ఒక్కదానివి విన్నావు."

మర్నాడు కంపెనీ ఆఫీసరు వచ్చాడు. మర్యాదస్థుడు, వయసులో కొడుకులాంటివాడు. పూర్తి సినిమా చూసి, లేచి నిలబడి ఆమెకు దణ్ణం పెట్టాడు. కుంటి అడుగులు యథాతథంగా ఉంచమన్నాడు. అంతేకాదు, అడుగులు వేసినవాళ్ళ పేరు అప్పట్లో ఎక్కడా వేయలేదనీ, ఈసారి తెర మీద వేస్తామనీ చెప్పాడు.

"ఒక్క సంగతమ్మా" అన్నాడు ఆఫీసరు. "మేం రెండు రకాలూ విడుదల చేస్తున్నాం. ఇప్పుడు మీరు చూసిన పూర్తి సినిమా ఒకటి, అప్పట్లో హాళ్ళలో ఆడింది ఒకటి. పాతదాంట్లో తలుపు సీను ఉండదు. అది పెడితే పాతది కాకుండా పోతుంది. కాబట్టి దాంట్లో మాత్రం ఈ అమ్మాయి సరిచేసిన అడుగులు వేద్దాం. లేకపోతే అది మాత్రమే చూసినవాళ్ళు మళ్ళీ నవ్వుతారు. ఈసారి మీ పేరుతో సహా ఉంటుంది, నేరుగా మిమ్మల్నే అంటారు. మీ మంచికే చెప్తున్నాను."

తప్పుగా ఏమీ మాట్లాడలేదు ఆయన. ఆమె ముప్పై ఒక్క ఏళ్ళుగా కోరుకున్నదే పళ్ళెంలో పెట్టి ఇస్తున్నాడు. ఊ అంటే చాలు, అడుగులక్క అడుగు తప్పిందని ఈ భూమ్మీద ఇంకెవరూ అనరు. మొగుడు ఆమె చెయ్యి తట్టి, "ఒప్పుకోవే. చాలు పడ్డది" అన్నాడు. ఇంజనీరు పిల్ల కూడా ఆమెకేసే చూస్తోంది.

అడుగులక్క తొందరపడలేదు. మోకాలి పట్టీ విప్పి, చుట్ట చుట్టి, సంచీలో పెట్టుకుంది. తర్వాత తలెత్తి ఆఫీసరుకేసి చూసింది.

"మీవాళ్ళు కోసింది సీనుని బాబూ. దాని కాలు అతకలేదు కదా" అంది. "చూపించినా చూపించకపోయినా అది కుంటుతూనే ఉంటుంది. రెండిట్లోనూ కుంటనివ్వండి. నా పేరు రెండిట్లోనూ వేయండి. కాస్త పెద్దక్షరాలతో వేయండి. నవ్వేవాళ్ళకి ఎవర్ని చూసి నవ్వుతున్నారో తెలియొద్దూ?"